ఇల్లదూరు సారు

సారు పోయారని నాకు బీదర్ గాంధీ గంజ్‌లో తెలిసింది. గుల్బర్గా నుంచి ఏదో పని మీద వచ్చి తిరుగు బస్సు కోసం నడుస్తున్నాను. కందుల బస్తాలు దించుతున్న లారీ పక్కనుంచి మాణిక్యం వచ్చాడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే కచేరిలో గుమాస్తాలం.

"శాంతక్కా, నీకు ఎరుకనా? సారు పోయిండు. పోయిన వారమే."

"ఎట్ల?"

"నిద్రల పోయిండంట. ఏం బాధ పడలేదంట."

హమాలీలు జరగమని కేకలేశారు. జరిగి ఒక అరుగు పక్కన నిలబడ్డాం. అప్పటికి రాష్ట్రానికి మైసూరు పేరు పోయి కర్ణాటక వచ్చి కొన్నేళ్లయింది. మాణిక్యం తల వెనక వెంట్రుకలు తెల్లబడ్డాయి. "ఆయన ఆటల నా ఎద్దు ఇంకా బతికే ఉన్నది గదక్కా" అన్నాడు.

ఉందన్నాను. అతను తల ఊపి లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు బస్సు దొరికింది. దారి పొడుగునా ఆయనే గుర్తొచ్చారు. ఆయన ఎక్కడ చదివారో, అసలు వయసెంతో నేనెన్నడూ అడగలేదు. నేనెరిగిన మనిషంతా ఆ ఆటలోనే ఉన్నారు.

ఆయన ఒక బడిలో డ్రాయింగ్ మాస్టారు. మంచి మాస్టారని చెప్పలేను. మా చుట్టాల పిల్లలు ఆయన దగ్గరే చదివారు. "ఎప్పుడూ కుండనే గీయమంటడు. గీసినంక కుండ వంకర పోయిందంటడు" అనేవారు. మా గుడిలో, అంటే చర్చిలో, సారు ఆఖరి వరుసలో కూర్చునేవారు. పాటలు పాడేవారు కాదు. సన్నగా పొడుగ్గా ఉండి, వడ్రంగులు పెన్సిల్ పెట్టుకున్నట్టు చెవి మీద సుద్దముక్క పెట్టుకునేవారు. ఆ సుద్ద ఒక్కోసారి ఆదివారం ఆరాధనకి కూడా వచ్చేది. తల్లి పుట్టిల్లు హుమ్నాబాద్ వైపు కన్నడ పల్లె. అందుకని ఆయనకు కన్నడ తెలుగంత బాగా వచ్చు. మేం ఆయన ఇంటికి పోవడానికి కారణం అదే.

మా కచేరి పనంతా అంతకుముందు ఉర్దూలో నడిచేది. రాష్ట్రాల సరిహద్దులు మళ్లీ గీసినప్పుడు బీదర్ మైసూరులో కలిసింది. ఇంట్లో తెలుగు, కచేరిలో ఉర్దూ, బజార్లో అన్నీ కలిపి మాట్లాడి బతికిన మమ్మల్ని కన్నడ పరీక్ష రాయమన్నారు. బజారు కన్నడ అందరికీ అంతో ఇంతో వచ్చు. కానీ పరీక్షలో రాయాలి, పై అధికారి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి కూడా. తప్పితే ఉద్యోగం ఉండదని కొందరు, ఉంటుంది కానీ పైకి పోరని కొందరు అనేవారు. సరిగ్గా ఏమవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి భయం ఎక్కువగా ఉండేది.

ఆయన దగ్గర నేర్చుకుందామని పోయినవాళ్లం ముగ్గురం. నేను టైపు చేసేదాన్ని. మాణిక్యం పల్లె నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. ఇంట్లో వ్యవసాయం, ఉద్యోగం వాళ్ల వంశంలో అతనికే మొదటిది. మూడో ఆయన కరీం సాబ్. మా ఇద్దరి కంటే చాలా పెద్ద. పాత కాగితాల గది ఆయన చేతిలో ఉండేది. ఆయన ఉర్దూ దస్తూరీ చూడటానికే కొందరు ఆ గదికి వచ్చేవారు. ఇప్పుడా దస్తూరీతో ఎవరికీ పని లేదు. పుస్తకం ముందు పెడితే ఆయన, "ఈ ఉమర్‌ల నా నోరు తిరగదమ్మా" అని మూసేసేవారు. మేం ఆయన్ని బలవంతంగానే తీసుకెళ్లాం.

మొదటి ఆదివారం సారు మమ్మల్ని వరండాలో కింద కూర్చోబెట్టారు. షాబాదు బండల మీద సుద్దతో ఒక ఊరు గీసి ఉంది. వీధులు, బావి, సంత, ఒక పక్క కోట. కుండ గీయించే ఆయన చేతిలోంచి అంత చక్కటి ఊరు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"ఇది ఇల్లద ఊరు. కన్నడల ఇల్లద అంటే లేనిది. అంటే లేని ఊరు. ఇందుల ఎవ్వనికి తెలుగు రాదు, ఉర్దూ రాదు. మీరు ముగ్గురు ఇక్కడికి కొత్తగ వచ్చిండ్రు. ఆకలైతే కన్నడల అడగాలె, దారి తప్పినా కన్నడల అడగాలె. వేరే భాషల అడిగితే ఊరోళ్లు మొహం జూస్తరు, అంతే."

మాకు తలా ఒక మనిషి. ఆ మనిషికి గుర్తుగా ఒక వస్తువు పెట్టమన్నారు. కరీం సాబ్ షేర్వానీ గుండీ, మాణిక్యం వక్క, నేను సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుస్తానా పెట్టాం. ఊళ్లో ఏం జరుగుతోందో సారు చెప్పేవారు. ఎదురయ్యే మనుషులందరి మాటలూ ఆయనవే. చెప్పి చెప్పి ఒకచోట ఆగి మా వైపు చూసి, "ఏను మాడ్తీరి?" అనేవారు. ఏం చేస్తారు అని. మనం ఏం చేస్తామంటే కథ అటు పోయేది. గోడ దూకడం, వాగు దాటడం లాంటి అపాయమైన పనికి మాత్రం గవ్వలు వేయాలి. వెల్లకిలా ఎక్కువ పడితే పని అయినట్టు.

ఆ మొదటి కథ ఆయన చాలా కష్టపడి కట్టుకున్నారు. కోట కింద సొరంగం, అందులో పాత రాజు దాచిన నిధి, కాపలాకి గుడ్డి సిపాయి. ఆయన చేతులూపుతూ చెబుతుంటే కరీం సాబ్ గోడకి ఒరిగి కళ్లు మూశారు. నేను ఇంట్లో ఆరేసిన బట్టల గురించి ఆలోచిస్తున్నాను. మాణిక్యం చివరికి తెలుగులోనే అడిగేశాడు.

"సారూ, ఆ నిధి దొరికితే సర్కారోళ్లు తీస్కపోతరు గదా. మాకేం వస్తది?"

సారు కాసేపు ఊరి వైపే చూశారు. తర్వాత అరచేత్తో కోట మొత్తం తుడిచేశారు. ఆ రోజు మాకు చాయ్ కూడా రాలేదు. ఆట అక్కడితో అయిపోయిందనుకుని వచ్చేశాం.

కానీ ఆ వారంలోనే ఆయన కచేరికి వచ్చారు. ముగ్గురినీ విడివిడిగా పట్టుకుని ఒకటే ప్రశ్న అడిగారు. "ఇంటికి పోంగనే మొదలు ఎవర్ని జూస్తవ్?"

మాణిక్యం సిగ్గుపడుతూ, "ఎద్దును సారూ. అమ్మకు తెలిస్తే తిడతది" అన్నాడు.

కరీం సాబ్, "పైకి జూస్త" అన్నారు.

"పైకి అంటే?"

"మిద్దె మీదికి. నా కబూతర్లు అన్ని దిగినయా లేదా అని."

నన్ను అడిగితే, "ఎవర్నీ చూడను సారూ. నీళ్లు తాగుత" అన్నాను.

"అచ్ఛా" అని వెళ్లిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం ఊళ్లో కోట లేదు. దాని జాగాలో పశువుల సంత ఉంది. మాణిక్యం మనిషి ఒక ఎద్దును తోలుకుని ఊళ్లోకి వచ్చాడు. ఎద్దు ముందు కాలు కుంటుతోంది. "ఏను మాడ్తీరి?" అన్నారు సారు. ఆ మధ్యాహ్నమంతా మాణిక్యం ఆ ఊళ్లో ఒకచోట నిలబడనే లేదు. వైద్యుణ్ని అడిగాడు, కమ్మరిని అడిగాడు, బావి దగ్గర నీళ్లు తోడుకునే ఆడవాళ్లను అడిగాడు. గిట్టలో ముల్లుందేమో చూడమని చెప్పడానికి ముల్లుకి కన్నడ మాట తెలియక తన కాలెత్తి చూపించాడు. "చూపిస్తే నడవదు, చెప్పాలె" అన్నారు సారు. వెనక నుంచి కరీం సాబ్ మెల్లగా, "ముళ్ళు అంటరేమో బేటా, మీ తెలుగు మాటే జర పట్టి పలుకు" అన్నారు. అదే సరైన మాట. సారు కరీం సాబ్ వైపు చూడనట్టే ఊరుకున్నారు.

ఆయన పద్ధతి అది. తొందరపడరు. కరీం సాబ్ కబూతర్ల, అంటే పావురాల, సంగతి తెలిసినా చాలా వారాలు దాన్ని ముట్టుకోలేదు. ఒకసారి వేరే ఏదో చెబుతూ మధ్యలో, ఊరి పెద్ద అయిన గౌడ ఇంటి మిద్దె మీద పావురాలు వాలాయి అని కన్నడలో అని ముందుకు పోయారు. కరీం సాబ్ కళ్లు తెరిచి, "ఎష్టు?" అన్నారు. ఎన్ని అని. ఆటలో ఆయన తనంతట తాను అడిగిన మొదటి కన్నడ మాట అది. సారు ఒక సంఖ్య చెప్పి మళ్లీ తన దారిన పోయారు.

మరికొన్నాళ్లకి ఇల్లదూరు గౌడ చాటింపు వేయించాడు. పావురాలు కళ్లాల్లో గింజలు తింటున్నాయి, వల వేసి పట్టి అన్నిటినీ చంపాలి అని. చెడ్డవాడి మాట చెప్పాల్సి వచ్చినప్పుడు సారు కళ్లజోడు తీసేవారు. జోడు లేకపోతే ఆయన మొహం ఎవరిదో అయిపోయేది. ఆ మొహంతో కరీం సాబ్ వైపు తిరిగి, "ఏను మాడ్తీరి?" అన్నారు.

కరీం సాబ్ లేచి నిలబడ్డారు. ఆటలో ఎవరూ లేచి నిలబడాల్సిన అవసరం లేదు.

"అవు ఏన్ తప్ప మాడ్యావ?" అన్నారు. అవి ఏం తప్పు చేశాయి అని.

గౌడ గింజల లెక్క చెప్పాడు. కరీం సాబ్ ఎలుకల గురించి అడిగారు. ఎలుకలు తినేది ఎవరు లెక్క కట్టారన్నారు. పావురం పొద్దున పోయి ఎంత దూరం తిరిగినా సాయంత్రానికి తన ఇంటికే వస్తుందనీ, మీ ఊళ్లో మనుషులు కూడా అలా రావడం లేదనీ అన్నారు. తప్పులు దొర్లాయి. మధ్యలో ఉర్దూ మాట పడితే ఊరివాళ్లకి అర్థం కాలేదని సారు చేత్తో సైగ చేసేవారు. ఆయన ఆగి, వెతుక్కుని, కన్నడలో మళ్లీ చెప్పేవారు. "కొల్లబ్యాడ్రి" అన్నారు. చంపొద్దండి. ఆ మాట ఆయనకు ఎప్పుడు వచ్చిందో మాకు తెలియదు. వారాలుగా కళ్లు మూసుకుని వింటూనే ఉన్నారన్నమాట.

చివరికి సారు గవ్వలు ముందుకు తోశారు. కరీం సాబ్ వాటిని వెనక్కి తోసేశారు.

"గవ్వలెందుకు? నా మాటల న్యాయం ఉంటే గౌడ ఒప్పుకోవాలె. లేకుంటే లేదు."

సారు జోడు పెట్టుకున్నారు. కాసేపు ఆలోచించి, "సరే. గౌడ వచ్చే ఆదివారం దాకా ఆలోచిస్తడు" అన్నారు. ఆ గౌడ ఆలోచన ఎన్నడూ తెమల్లేదు. వారం వారం ఏదో ఒక కొత్త ఆక్షేపణ చెప్పేవాడు. వారం వారం కరీం సాబ్ జవాబు సిద్ధం చేసుకుని వచ్చేవారు.

సారులో నాకు నచ్చనివీ ఉన్నాయి. కథ చెప్పడం ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. ఒకసారి మాణిక్యం సరదాకి గౌడ ఏమంటాడో తానే చెప్పబోతే, "గౌడ నోరు నాది. నీది నువ్వు జూస్కో" అని కసిరారు. గవ్వల్లో మోసం చేసేవారు. వేశాక మోకాలు అడ్డం పెట్టి ఒకదాన్ని తిప్పేవారు. ఆయన భార్య ఒకరోజు చాయ్ తెస్తూ చూసి, "ఈయన గవ్వలు సాఫ్ వెయ్యడు. నేను ఎన్నిసార్లు జూసిన్నో" అని మా ముందే అనేసింది. ఆయన సిగ్గుపడలేదు. "గవ్వకేం ఎరుక, ఎవలు ఎట్ల ఇల్లు చేరాల్నో?" అన్నారు.

ఆమెను మేం అక్క అనేవాళ్లం. ఆమెకి ఆ ఆటంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. నీళ్ల బిందెతో లోపలికి పోవాలంటే వరండా దాటాలి. "మీ ఊరి మీద కాలు పెడుతున్న, జరుగుండ్రి" అని సంత మీదుగా దాటిపోయేది. సోమవారం పొద్దున్నే బండలు కడిగేది. అందుకని సారు ప్రతి ఆదివారం ఊరు కొత్తగా గీయాల్సి వచ్చేది. బావి ఒకసారి ఎడమకు జరిగేది, ఒక వీధి ఇరుకయ్యేది. కరీం సాబ్ కోప్పడేవారు. అక్క లోపలి నుంచి, "కడగొద్దంటే చెప్పుండ్రి, మీరే తుడుసుకుందురు" అనేది.

ఇంకొకటి చెప్పాలి. మనం జవాబు కోసం ఆలోచిస్తున్నప్పుడు సారు తన నోటిని తనే అరచేత్తో మూసుకునేవారు. మొదట్లో నాకది వింతగా ఉండేది. ఏం జరిగితే బాగుంటుందో ఆయనకి తోచేస్తుంది, చెప్పకుండా ఉండలేరు. అందుకే మూసుకునేవారు. ఎంతసేపైనా అలాగే కూర్చునేవారు.

ఇక నా సంగతి. నాకొక చెల్లెలు, రూతు. కమలనగర్‌లో బడి పంతులుగా ఉన్న ఒక మరాఠీ అతన్ని చేసుకుని వెళ్లిపోయింది. అతను మా మతం కాదు. ఆ రోజు నుంచి మా బాపు ఇంట్లో ఆమె పేరు ఎత్తనివ్వలేదు. ఇది గుడిలో అందరికీ తెలిసిన విషయమే, దాచిందేమీ కాదు. ఎవరూ నాతో ఎత్తేవారు కాదు, అంతే.

ఇల్లదూరులో నా మనిషి ఎక్కువ తిరిగేది కాదు. రోడ్డు వైపు తలుపున్న ఒక ఇల్లు తీసుకుంది. సంతకు పోయినా పొద్దుగూకేలోగా ఆ ఇంటికి వచ్చేసేది. మాణిక్యం నవ్వేవాడు. "శాంతక్క ఎప్పుడు జూసినా ఇంటికి పోతనంటది." నేను దాని గురించి ఏమీ అనుకోలేదు. సారు అనుకున్నట్టున్నారు.

ఒక ఆదివారం మాణిక్యం ఎద్దు నీళ్లు తాగడం అయ్యాక ఆయన నా వైపు తిరిగారు. మీ తలుపు ఎవరో తడుతున్నారు అన్నారు. చేతిలో సంచి ఉంది, దూరం నుంచి నడిచి వచ్చినట్టుంది అన్నారు. తర్వాత మెత్తటి గొంతుతో, "అక్కా, బాగిలు తెగీ" అన్నారు. తలుపు తియ్యి అని.

నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

"ఆట ఆట లెక్క ఉండాలె సారూ" అని తెలుగులోనే చెప్పి వచ్చేశాను.

కొన్ని ఆదివారాలు పోలేదు. మాణిక్యం కచేరిలో ఏదో అడగబోయి మానుకున్నాడు. కరీం సాబ్ ఒకరోజు నా బల్ల మీద రెండు జామపళ్లు పెట్టి పోయారు. పరీక్ష దగ్గరపడింది. నేను పుస్తకం పట్టుకుంటే మాటలన్నీ ఎండిపోయినట్టుండేవి.

తర్వాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సారు గుడి బయట నా కోసం నిలబడి ఉన్నారు. చెవి మీద సుద్ద ఉంది.

"మాణిక్యాన్ని అడిగిన, చెప్పిండు. కరీం సాబ్‌ను అడిగిన, చెప్పిండు. నిన్ను అడిగితే నీళ్లు తాగుతనన్నవ్. నువ్వు ఇయ్యంది నేను తీస్కున్న. తీస్కోకుండ ఉండాల్సింది."

నేను చెప్పుల కోసం వంగాను.

"ఆ తలుపు అట్లనే ఉన్నది శాంతమ్మా. ఎవ్వరూ తట్టలేదంటే తట్టలేదు. ఆ ఆదివారం కాలేదనుకుందాం. తట్టిండ్రంటే, తియ్యాల్నా వద్దా అన్నది నీది. నేను ఏం చెప్ప."

క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేదాన్నో లేదో తెలియదు. పరీక్ష కోసమే అని నాకు నేను చెప్పుకుని మధ్యాహ్నం పోయాను.

ఆ రోజు మొదట ఎద్దు పని అయింది. గౌడ పావురాల మీద ఏదో కొత్త తగువు పెట్టుకున్నాడు, అదీ అయింది. నా వంతు వచ్చేసరికి సారు కథ ఏమీ చెప్పలేదు. అంగుస్తానా ఆ ఇంటి గడప లోపలే ఉంది. "ఏను మాడ్తీరి?" అని నోరు మూసుకున్నారు. కరీం సాబ్ కళ్లజోడు తుడవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు.

నేను తలుపు తీశానని చెప్పాను.

"ఒళగ బా" అన్నాను. లోపలికి రా.

ఆ తర్వాత ఏమనాలో తెలియలేదు. నాకు కన్నడ అంతే వచ్చు. తెలుగులో అయితే బాపు అన్న మాటలన్నీ నా నోట్లోనూ ఉన్నాయి. పరువు, గుడి, అమ్మ పోయాక నేను పడ్డ కష్టం, అన్నీ వరసగా వచ్చేవి. కన్నడలో వాటికి నా దగ్గర మాటలు లేవు. ఉన్న నాలుగు మాటల్లో వెతికితే ఒకటి దొరికింది.

"ఊట మాడిద్యా?" అన్నాను. తిన్నావా అని.

సారు గొంతు మార్చలేదు, కళ్లజోడు తీయలేదు. మామూలుగానే, "ఇల్ల" అన్నారు. లేదు అని.

నా మనిషి కంచం పెట్టింది. ఆ రోజు ఆట అంతే. బయటికి వచ్చాక మాణిక్యం, "శాంతక్కా, నీ కన్నడ మంచిగైంది" అన్నాడు.

నెల తిరక్కముందే కమలనగర్ బస్సెక్కాను. అక్కడ దిగి దారి అడిగితే అందరూ మరాఠీలో చెప్పారు. అంత కష్టపడి నేర్చుకున్న కన్నడ పెద్దగా పనికి రాలేదు. ఎలాగో ఇల్లు పట్టుకున్నాను. రూతు పెరట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాను కానీ ముందు అదే మాట్లాడింది.

"తిన్నవా అక్కా?"

లేదన్నాను. అది రొట్టెలు చేసింది. చేస్తూ ఏడ్చింది. నేను తిన్నాను. సాయంత్రం వాళ్లాయన బడి నుంచి వచ్చి, నన్ను చూసి ఏం చేయాలో తెలియక మళ్లీ బయటికి పోయి అరటిపళ్లు తెచ్చాడు. ఇంటికొచ్చి బాపుకి చెప్పాను. ఆయన ఆ పూట అన్నం తినలేదు, మర్నాడు తిన్నారు. రూతు మా గడప తొక్కడానికి ఇంకా చాలా కాలం పట్టింది. దాన్లో సారు ప్రమేయం లేదు.

ఆయనకి చెప్పాలనిపించి చెప్పాను, కమలనగర్ పోయొచ్చానని. ఆయన ఇబ్బంది పడ్డారు. సుద్దముక్కని బండకేసి గీకి మొన చేస్తూ, "బయట జరిగింది నాకెందుకు చెప్తున్నవ్? నేను లేని ఊరోణ్ని" అన్నారు. మళ్లీ ఎప్పుడూ దాని గురించి అడగలేదు.

పరీక్ష మాణిక్యం పాసయ్యాడు, నేనూ పాసయ్యాను. కరీం సాబ్ అధికారి ముందు బాగా మాట్లాడారు. ఏదైనా మీకిష్టమైన విషయం చెప్పమంటే ఏం చెప్పి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. కానీ రాత పరీక్షలో చెయ్యి సాగలేదు. జీవితమంతా కుడి నుంచి ఎడమకు రాసిన చెయ్యి. సగం కాగితం తెల్లగా ఇచ్చి వచ్చారు. మళ్లీ రాయమని అందరం అన్నాం. ఆయన వద్దని, ముందుగానే పించను తీసుకుని ఇంట్లో కూర్చున్నారు.

పాసయ్యాక మేమిద్దరం ఆదివారాలు పోవడం తగ్గించాం. ఇల్లూ పనీ ఉంటాయి. కన్నడ అవసరం లేకుండా పోయిన కరీం సాబ్ మాత్రం ఒక్క వారం మానలేదు. ఎందుకని ఒకసారి అడిగితే, "గౌడ ఇంకా ఒప్పుకోలేదమ్మా" అన్నారు. అలా ఆ ఇద్దరే ఏళ్ల తరబడి ఆడుకున్నారు. తర్వాత నాకు గుల్బర్గా బదిలీ అయింది.

కరీం సాబ్ మంచం పట్టారని తెలిసి ఒకసారి చూడటానికి వచ్చాను. ఊపిరి ఆడని జబ్బు. నేను పోయేసరికి సారు మంచం పక్కన నేల మీద ఊరు గీసి కూర్చుని ఉన్నారు. గౌడ మనవడికి పెళ్లి, పావురాలను ఆ పందిట్లోకి రానివ్వాలా వద్దా అని మాట నడుస్తోంది. కరీం సాబ్ మెల్లగా, ఆగి ఆగి, చక్కటి కన్నడలో జవాబు చెబుతున్నారు. మధ్యలో చెయ్యెత్తి ఆపి తెలుగులోకి వచ్చారు.

"సారూ, ఆట బంద్ చెయ్యి. నేను పోతే నా కబూతర్లను ఎవలు జూస్తరు? కొడుకుకు ఇష్టం లేదు. ఎవనికో ఇచ్చేస్తడు."

సారుకి పక్షులంటే పడదు. ఆ వాసనకే తుమ్ములొచ్చేవి. ఇన్నేళ్ల ఆటలో ఆ మిద్దె ఎక్కి ఆ పావురాలను ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడే నాకు తెలిసింది. ఆయన నోటి మీద అరచెయ్యి పెట్టుకున్నారు. ఈసారి మాటను ఆపుకోవడానికి కాదనిపించింది. కొంతసేపటికి చెయ్యి తీసి, "నేను తీస్కపోత" అన్నారు.

"నీకు పిలువనీకి రాదు."

"నేర్సుకుంట."

కరీం సాబ్ పడుకున్న చోటి నుంచే పిలిచి చూపించారు. "ఆవ్, ఆవ్, ఆవ్" అని, చివర కొంచెం పైకి లాగి. సారు పలికారు. "అట్ల కాదు. గట్టిగ కాదు. నీ పిల్లను అన్నానికి పిలిచినట్టు" అన్నారు కరీం సాబ్. సారుకీ అక్కకీ పిల్లలు లేరు. సారు మళ్లీ పలికారు. దగ్గు వచ్చి కరీం సాబ్ ఆపేదాకా పలుకుతూనే ఉన్నారు.

కరీం సాబ్ పోయాక సారు ఆ పావురాలను బుట్టల్లో తన ఇంటికి తెచ్చుకున్నారు. మిద్దె మీద గూడు కట్టించారు. కానీ పావురాలు తమ ఇల్లు మరిచిపోవు. పొద్దున గూడు తలుపు తీస్తే లేచి, ఒక చుట్టు తిరిగి, నేరుగా కరీం సాబ్ మిద్దె మీదికే పోయి వాలేవి. ఆ తర్వాత నేను బీదర్ వచ్చినప్పుడు ఆయన వీధిలో ఎదురయ్యారు. మూతికి తువ్వాలు చుట్టుకుని, చేతిలో మూత ఉన్న బుట్టతో నడుస్తున్నారు. బడి పిల్లలు వెనక నుంచి కూతలు కూస్తున్నారు. ఆయన వెనక్కి తిరగలేదు.

"యాడికి సారూ?"

"పొద్దున ఇడుస్తే ఆడికే పోతయ్. మాపటికి పోయి తెచ్చుకుంట."

"రోజూనా?"

"మరేం జేద్దాం?"

"రెక్కలు కట్టేస్తే ఉంటయంట గదా కొన్ని దినాలు."

ఆయన ఆగి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "కట్టేసి ఉంచితే ఉన్నట్టేనా శాంతమ్మా?" అన్నారు.

నేనూ వెంట వెళ్లాను. కరీం సాబ్ కొడుకు తలుపు తీసి పక్కకు జరిగాడు. సారు మెల్లగా మెట్లెక్కారు. నేను సందులోనే నిలబడ్డాను. ఎండ దిగిపోతోంది. పిట్టగోడ మీద పావురాలు వరసగా కూర్చుని ఉన్నాయి. ఆయన తువ్వాలు విప్పి, గుప్పెడు జొన్నలు అరచేతిలో పోసుకుని, "ఆవ్, ఆవ్, ఆవ్" అన్నారు. గొంతు సరిగ్గా కుదరలేదు. ఒక్కటీ కదల్లేదు. తుమ్మారు. కొన్ని లేచి పక్క మిద్దె మీదికి పోయాయి.

ఆయన చెయ్యి దించలేదు. చాలాసేపయ్యాక ఒక తెల్లది గోడ దిగి, రెండడుగులు వేసి ఆగింది. మళ్లీ పిలుస్తారనుకున్నాను. పిలవలేదు. జొన్నలు పోసుకున్న ఆ చెయ్యి అలాగే చాచి ఉంచి, దాని మొహం కూడా చూడకుండా ఎటో చూస్తూ నిలబడ్డారు.